గుడ్లగూబకు తలంటు

రాయపూర్‌లో మోవా దాటి బిలాస్‌పూర్ రోడ్డు మీద కొంచెం ముందుకు వెళితే, ఎడమ పక్కన రిటైరైన పశువుల డాక్టరు ఒకాయన తోట ఉండేది. జామచెట్ల వెనక రేకుల షెడ్డు, వల కట్టిన గదులు, ఒక సిమెంటు తొట్టి. అటవీశాఖ అనుమతితో ఆయన దెబ్బతిన్న అడవి జంతువుల్నీ పక్షుల్నీ అక్కడ పెట్టుకుని, బాగుచేసి, మళ్ళీ వాటి చోటికి వదిలిపెట్టేవాడు. తొంభైల నడుమ కొన్నేళ్ళపాటు ఆదివారాలూ సెలవురోజులూ నేను అక్కడే గడిపాను. నన్నెవరూ రమ్మనలేదు. ఒక గుడ్లగూబ పిల్లను అప్పజెప్పి వద్దామని వెళ్ళినవాణ్ణి, అలా వెళుతూనే ఉండిపోయాను.

నా ఉద్యోగం తిల్దాలో ఒక బియ్యం మిల్లులో, కాటా దగ్గర. లోపలికి వచ్చిన వడ్ల బరువుకు, బయటికి పోయే బియ్యం, నూక, తవుడు, ఊక అన్నీ కలిపితే సరిపోవాలి. సరిపోకపోతే తేడా ఎక్కడుందో నేను చెప్పాలి. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. లెక్కలు బస్తాల దగ్గర నేర్చుకున్నవే. రాయపూర్ నుంచి రోజూ పాసింజరులో వెళ్ళి వచ్చేవాణ్ణి.

ఒక వానాకాలం మిల్లు కప్పు కారుతోందని రేకులు మారుస్తుంటే, దూలం చివర గూటిలోంచి ఒక పిల్ల ఊకరాశి మీద పడింది. తెల్లటి మొహం, ముడుచుకున్న ముక్కు, ఒళ్ళంతా నూగు. తల్లిదండ్రులు ఆ సుత్తి దెబ్బలకు బెదిరి వెళ్ళిపోయాయి, మళ్ళీ రాలేదు. మిల్లులో గుడ్లగూబ ఉంటే ఎలుకలు తగ్గుతాయని అక్కడ అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ దాన్ని కొట్టలేదు. కానీ ఎవరూ ముట్టుకోలేదు కూడా. సాయంత్రం దాన్ని బుట్టలో పెట్టుకుని, పైన గోనెగుడ్డ కప్పి, రైలెక్కాను.

బండి కదలగానే బుట్టలోంచి బుసలు మొదలయ్యాయి. ఆ పిల్లలు ఆకలేసినా భయమేసినా అచ్చం పాములాగే బుసకొడతాయి.

"భాయీసాబ్, క్యా హై ఇస్‌మే?" అన్నాడు పక్కన కూర్చున్న కూరగాయలాయన, కాళ్ళు పైకి ముడుచుకుంటూ.

"చిడియా హై" అన్నాను.

"ఐసీ చిడియా తో సపేరా రఖ్‌తా హై!" అని ఎదుటి బెంచీ నుంచి ఎవరో అన్నారు. ఇలాంటి పిట్టల్ని పాములవాళ్ళే పెంచుతారట. అందరూ నవ్వారు, నవ్వుతూనే ఒక్కొక్కరే లేచి అవతలికి వెళ్ళిపోయారు. ఆ పాసింజరులో నేను కాళ్ళు బారజాపుకుని వచ్చింది ఆ ఒక్క రోజే.

ఆ ఏడాది తోటలో ఒక విదేశీ అమ్మాయి కూడా ఉంది. ఉత్తరాన ఎక్కడో చలిసముద్రం ఒడ్డు ఊరు తనది. చదువు అయ్యాక కొన్ని నెలలు వేరే దేశంలో ఇలాంటి పని చేయాలని వచ్చి, డాక్టరు గారింట్లో ఉంటోంది. మనిషి బాగా పొడుగు. షెడ్డు గుమ్మం కింద వంగడం మరిచిపోయి రోజుకోసారి నుదురు కొట్టుకునేది. నాకు వచ్చిన ఇంగ్లీషు కాటా చీటీల మీది గ్రాస్, నెట్, టేర్, అంటే మొత్తం బరువు, సరుకు బరువు, సంచి బరువు. ఆమెకు వచ్చిన హిందీ, షెడ్డు ఊడ్చే మనిషి నేర్పినది. అయినా పని జరిగిపోయేది. పక్షిని గుడ్డసంచిలో వేసి తూచడం, సంచి బరువు తీసేయడం, ఆ బరువును బట్టి మేత ఎంతో లెక్కగట్టడం నా పని. ఆమె మేత కోసేది, గాయాలు కడిగేది.

దీపావళి దగ్గరపడేసరికి మా గుడ్లగూబ పూర్తిగా ఎదిగింది. షెడ్డులో వదిలిన ఎలుకల్ని చీకట్లో తనే పట్టుకుంటోంది. పండగ వెళ్ళగానే దాన్ని తిల్దా మిల్లులోనే వదలాలని అనుకున్నాం. అంతలో డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచారు.

"అమావాస్యకి గుడ్లగూబల కోసం తిరిగేవాళ్ళుంటారు. పూజలూ క్షుద్రాలూ అని. పోయినేడు ఇక్కడ తాళం విరగ్గొట్టారు. ఈ రెండు మూడు రోజులు నీ ఇంట్లో దాచగలవా?"

దాస్తానన్నాను. నా భార్య పిల్లల్ని తీసుకుని భిలాయిలో తన తమ్ముడింటికి వెళ్ళింది. దేవేంద్ర నగర్ ఇంట్లో నేనూ మా అమ్మా మాత్రమే ఉన్నాం. దీపావళికి రెండు రోజుల ముందు, ధన్‌తేరస్ సాయంత్రం బుట్ట తెచ్చి లోపలి గదిలో దించాను.

మా అమ్మది శ్రీకాకుళం వైపు. మా నాన్న రైల్వే ఉద్యోగం వెంట రాయపూర్ వచ్చి ఎన్నేళ్ళయినా ఆమె మాట మారలేదు. చూపు మందగించింది గానీ చెవులు బాగా పనిచేసేవి.

"ఏటిరా ఆ బుస?"

"గుడ్లగూబమ్మా. రెండు రోజులుంటుంది, అంతే."

"సావుపిట్టని పండక్కి ఇంటికి తెచ్చినావేట్రా! మీ నాన్నుంటే నిన్నూ దాన్నీ కలిపి గుమ్మం బయటే నిలబెట్టీవోరు."

ఆ మాట పూర్తి కాకముందే పక్కింటావిడ దీపాల పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఆమెది ఛత్తీస్‌గఢీ కుటుంబం. బుట్టలోకి తొంగిచూసి, పళ్ళెం కిందపెట్టి, రెండు చేతులూ జోడించింది.

"అమ్మా! తుంహర్ ఘర్ లచ్మీ దాయీ కే సవారీ ఆయ్ హే! హమర్ ఘర్ కాబర్ నఇ ఆయ్?"

లక్ష్మీదేవి వాహనం మీ ఇంటికి వచ్చింది, మా ఇంటికెందుకు రాలేదమ్మా అని ఆవిడ నిజంగానే నిష్ఠూరమాడింది. పక్కింటావిడ వెళ్ళిపోయాక మా అమ్మ బుట్ట దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఈళ్ళ దేశంలో అది లచ్మేనేటిరా?"

"వీళ్ళు అలాగే అంటారు."

"మనం ఉన్నది ఈళ్ళ దేశంలోనే కదా" అంది. పడుకోబోయే ముందు బుట్ట పక్కన చిన్న ముగ్గు వేసింది. దాంతో గొడవ తీరిందనుకున్నాను.

మర్నాడు నరకచతుర్దశి. తెల్లవారకముందే లేపి, పీట మీద కూర్చోబెట్టి, చిన్నప్పటిలాగే మాడు మీద నువ్వులనూనె పెట్టి తలంటింది. నేను స్నానం చేసి పాలకు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అమ్మ లోపలి గదిలో కింద కూర్చుని ఉంది. నూనెగిన్నె పక్కనే ఉంది, ఖాళీగా.

"పండగ పూట ఇంట్లో ఉన్నవోళ్ళందరికీ తలంటాలి కదా" అంది. "నీకంటినాను. దానికీ అంటినాను."

"దేనికి?"

"లచ్మికి."

బుట్ట వెలుతురులోకి లాగాను. బంగారు రంగు వీపు తడిసిన గడ్డిలా అట్టకట్టి ఉంది. ఈకలు పాయలు పాయలుగా విడిపోయి, మధ్యలో చర్మం కనిపిస్తోంది. రెక్కలు రెండూ విప్పి మరీ పట్టించినట్టుంది. పక్షి కళ్ళు సగం మూసుకుని వణుకుతోంది.

"కరవలేదూ?"

"బుసకొట్టినాది. పసిపిల్లలు తలంటుకి ఏడవరేటి? అలాగే అనుకున్నాను. కుంకుడుపులుసు కూడా పోసీదాన్నే, ఇంతలో నువ్వొచ్చినావు."

అమ్మ మీద కోపం తెచ్చుకోవడానికి నాకు వ్యవధి లేకపోయింది. వేడి బూడిద వేసిన కుంపటి వెచ్చదనం తగిలేలా బుట్టకు కొంచెం దూరంలో పెట్టి, పక్షిని కదిలించొద్దని అమ్మకు చెప్పి, సైకిలు తీసుకుని మోవా వెళ్ళాను.

డాక్టరు గారికి జరిగింది చెప్పాను. పక్కనున్న ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది: ఏ నూనె? ఇంట్లో వాడే నువ్వులనూనె అని చెప్పాను. ఆమె తల ఊపింది. వాళ్ళ ఊరి సముద్రంలో ఎప్పుడో ఒక ఓడ బద్దలై నూనె ఒలికితే, ఒడ్డుకు కొట్టుకొచ్చిన పక్షుల్ని ఒక చలికాలమంతా కడిగిన గుంపులో తనూ ఉందట. నల్లనూనె కన్నా ఇది నయం అంది. డాక్టరు గారు టపాసుల చప్పుడుకు బెదిరే మిగతా జంతువుల్ని వదిలి రాలేరు. తోలు గ్లౌజులూ గొట్టమూ సంచిలో వేసుకుని ఆమె నా సైకిలు వెనకాలే తన సైకిలు మీద బయల్దేరింది.

దారిలో ఆమె చెప్పింది విన్నాకే సంగతి ఎంత దూరం వచ్చిందో నాకు అర్థమైంది. నూనె ఉన్నంతసేపూ ఈకలు చలినీ నీటినీ ఆపలేవు. కడిగేటప్పుడు బెదిరి చనిపోయే పక్షులు చాలా ఉంటాయి. కడిగి బతికినా, ఈకలు మునుపటిలా కాకపోతే వదలడానికి లేదు. కొత్త ఈకలు వచ్చే దాకా, అంటే మరో ఏడాది, పంజరంలో ఉంచాలి. ఏడాదిపాటు మన చేతి తిండికి అలవాటు పడ్డ పక్షి మళ్ళీ తన తిండి తను వెతుక్కోవడం అరుదు.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

"ఎవులురా ఈ తాటిచెట్టు?"

"దాన్ని కడగడానికి వచ్చిందమ్మా."

"నమస్తే మాఁజీ" అంది ఆ అమ్మాయి, వంగడం మరిచిపోయి, నుదురు మా గుమ్మానికి కూడా కొట్టుకుని.

"అయ్యో తల్లీ! నూనె రాయనా?" అంది అమ్మ. అని, తనే నాలుక కరుచుకుంది. తరవాత నెమ్మదిగా నన్నడిగింది: "దాని పేనానికేటైనా అవుద్దేటి? అడుగు."

అడిగాను. ఇప్పుడే చెప్పలేనంది. అదే చెప్పాను. ఉదయం చేసిన అరిసెలు మూత కింద అలాగే ఉండిపోయాయి.

మేం వెంటనే కడగలేదు. ముందు పక్షికి గొట్టంతో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగించి, చీకటి చేసి, కుదుటపడనివ్వాలంది. ఆ వ్యవధిలో దేంతో కడగాలన్న తగాదా వచ్చింది. అమ్మ కుంకుడుకాయలు నానబోసి సిద్ధంగా ఉంది. ఆ అమ్మాయి గిన్నెలు కడిగే ద్రవం కావాలంది.

"గిన్నెలు తోమీదాంతోటా? లచ్మికా?"

బుట్టలో రాలిన ఈకలు రెండున్నాయి, రెండూ నూనెవే. రెండు గిన్నెలు పెట్టి, ఒకదానిలో కుంకుడుపులుసు, ఒకదానిలో వీధి చివరి దుకాణంలో తెచ్చిన ద్రవం వేసి, సమానంగా నీళ్ళు పోశాను. ఒక్కో ఈకను ఒక్కోదానిలో అటూ ఇటూ తిప్పి, తొలిపి, కిటికీ దగ్గర ఆరబెట్టాం. ద్రవంలో ముంచింది విచ్చుకుంది. కుంకుడుదానిలో నూనె పోయింది గానీ ఈకపోగుల మధ్య సన్నటి గోధుమరంగు పొడి మిగిలింది. పైగా కంట్లో పడితే మండుతుంది. అమ్మ రెండు ఈకల్నీ వేళ్ళతో తడిమి చూసింది.

"సరే. నా కుంకుళ్ళు నా నెత్తికే" అని లేచి పొయ్యి అంటించింది.

నీళ్ళు మన ఒంటి వేడి కన్నా కొంచెం ఎక్కువగా, నలభై డిగ్రీలు ఉండాలని, తగ్గితే పక్షికి ప్రమాదమని ఆ అమ్మాయి చెప్పింది. కుళాయి నీళ్ళు ఇరవై అయిదు అనుకున్నాను. మరిగే నీళ్ళు నూరు. ఒక చెంబు మరిగినవాటికి నాలుగు చెంబులు చల్లటివి కలిపితే లెక్క సరిగ్గా నలభైకి వస్తుంది. బీరువాలోని జ్వరం థర్మామీటరు ముంచి చూస్తే కొంచెం తక్కువ చూపించింది. చల్లటి బకెట్టు తాగిన వేడిని నేను లెక్కలో వేసుకోలేదు. మరిగే నీళ్ళు ఇంకొంచెం చేర్చాక సరిపోయింది. తరవాతి బకెట్లకు అదే కొలత. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండా నీళ్ళు మరిగిస్తూనే ఉంది.

నేను గ్లౌజులు తొడుక్కుని కాళ్ళు పట్టుకున్నాను. గోళ్ళు తోలులోంచి కూడా తెలుస్తున్నాయి. ఆ అమ్మాయి ఒక చేత్తో మెడ నిలబెట్టి, రెండో చేత్తో ఈక వాలు వెంబడే నీళ్ళు పారిస్తూ కడిగింది. ఎదురు రుద్దకూడదు. నీళ్ళ మీద నూనె తెట్టు కట్టగానే బకెట్టు మార్చాలి. మూడో బకెట్టులో పక్షి ఒక్కసారిగా మెత్తబడింది. తల నా మణికట్టు మీదికి వాలింది.

ఆ అమ్మాయి చేతులు ఆపేసింది. దాన్ని బయటికి తీసి తువ్వాలులో చుట్టి, రొమ్ము మీద రెండు వేళ్ళు ఆనించి అలాగే కూర్చుంది.

"ఏటయ్యింది? ఏటి మాటాడరు?" అని లోపల నుంచి అమ్మ.

"అలిసిపోయిందమ్మా. కాస్త ఆగాం."

"ఆగండి, ఆగండి. నీళ్ళు సల్లారిపోవు, నానున్నాను."

కొంతసేపటికి పక్షి కన్ను తెరిచి ముక్కు టక్కుమని కొట్టింది. ఆ అమ్మాయి నవ్వడం ఆ రోజు అప్పుడే చూశాను. మిగతాది తొలపడం. కడగడం కన్నా తొలపడానికే ఎక్కువ సేపు పట్టింది. సబ్బు మిగిలితే నూనె ఉన్నదాంతో సమానమట. చివరికి వీపు మీద పోసిన నీళ్ళు ఇంకిపోకుండా పూసల్లా నిలిచి జారడం మొదలైంది. అప్పుడు చాలు అంది. కోళ్ళగంప కింద బల్బు వేలాడదీసి, పైన నా భార్య ఉన్ని శాలువా కప్పి ఆరబెట్టాం.

సాయంత్రానికి బయట టపాసులు మొదలయ్యాయి. గంప దగ్గర అమ్మ కూర్చుంది. లోపల పక్షి ఒళ్ళు దులుపుకున్న శబ్దం ఆమెకే ముందు వినిపించింది. "ఇదిలించుకుంటంది" అంది. అప్పుడు అరిసెలు మూత తీసింది. ఆ అమ్మాయి ఎన్ని తిన్నదో నేను లెక్కపెట్టలేదు, అమ్మ మాత్రం "కడుపుందీ పిల్లకి" అని మెచ్చుకుంది.

ప్రాణం దక్కింది గానీ పని అవలేదు. పండగ తరవాత మోవాలో షెడ్డు తలుపులు మూసి, దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు ఎగరనిచ్చాం. ఎగిరింది. కానీ రెక్కలు పాత కాగితం నలిపినట్టు గరగరమన్నాయి. డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు. గుడ్లగూబ రెక్క చప్పుడైతే ఎలుక ముందే వింటుంది. చప్పుడు చేసే గుడ్లగూబను వదలడమంటే ఆకలికి వదలడమే.

చేయగలిగింది ఏమీ లేదు, ఎదురుచూడటం తప్ప. రోజూ వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పెట్టాం. అది అందులో మునిగి, దూలమెక్కి, ఒక్కొక్క ఈకనే ముక్కుతో దువ్వుకుంటూ కూర్చునేది. తోక మొదట్లో దానికి సొంత జిడ్డు ఉంటుంది. మా నూనె తీసేశాం కాబట్టి ఇక అది తన నూనె పెట్టుకోవాలి. మిల్లు నుంచి వచ్చి నేరుగా మోవా వెళ్ళేవాణ్ణి. ఇంటికి రాగానే అమ్మ అడిగేది ఒక్కటే: "సప్పుడు తగ్గినాదా?" కొంచెం తగ్గిందనేవాణ్ణి. నిజంగానే కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. ఒక సాయంత్రం డాక్టరు గారు మధ్యలో స్టూలు వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. పక్షి ఆయన తల మీదుగా వెళ్ళి అవతలి దూలం మీద వాలింది.

"వదలండి మరి" అన్నారాయన, కళ్ళు తెరవకుండానే.

"వదిలేశాం" అంది ఆ అమ్మాయి.

మిల్లులో వదిలే రోజు అమ్మ కూడా వస్తానంది. వద్దన్నా వినలేదు. పాసింజరులో ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చుని, తెలుగులో ఏవేవో చెబుతూనే ఉంది. ఆ అమ్మాయి "హాఁ మాఁజీ, హాఁ మాఁజీ" అంటూనే ఉంది. సూర్యుడు దిగాక, మిల్లు ఆపించి, దూలం కింద చెక్కపెట్టె తలుపు తెరిచాం. చాలాసేపు తెల్లటి మొహం ఒక్కటే కనిపించింది. తరవాత పెట్టె ఖాళీగా ఉంది.

"ఎప్పుడొదుల్తారు?" అంది అమ్మ.

"వెళ్ళిపోయిందమ్మా. నీ నెత్తి మీద నుంచే వెళ్ళింది."

"నాకినపళ్ళేదే!" అని అమ్మ కప్పు వైపు మొహం ఎత్తి అలాగే నిలబడింది.

వదిలాక కూడా కొన్నాళ్ళు దూలం మీద మేత పెట్టాలని, అది వేట కుదిరాక దాని అంతట అదే మానేస్తుందని డాక్టరు గారు చెప్పారు. మొదటి రెండు రోజులూ మేత పోయింది. ఆ తరవాత పెట్టింది పెట్టినట్టే ఉంది. పక్షి ఎవరికీ కనిపించలేదు. మేత ముట్టలేదంటే రెండే అర్థాలు: వేట కుదిరి ఉండాలి, లేదా పక్షే పోయి ఉండాలి. ఏది నిజమో మేతను చూసి చెప్పడానికి లేదు. ఆ అమ్మాయి తన దేశం వెళ్ళే రోజు దగ్గరపడి, వెళ్ళేలోగా తెలిస్తే బాగుండుననేది. మా అమ్మ అయితే అడగడమే మానేసింది.

ఒక ఉదయం కాటా దగ్గర తాళం తీస్తుంటే, దూలం కింద, ఊడ్చిన నేల మీద, నల్లటి ఉండ ఒకటి కనిపించింది. గుడ్లగూబ తిన్న ఎలుకలో అరగని బొచ్చూ ఎముకలూ ఉండకట్టి నోటితో కక్కేస్తుంది. ముట్టుకుంటే ఇంకా తడిగా ఉంది. అక్కడే కూర్చుని పుల్లతో విడదీశాను. బూడిదరంగు బొచ్చు, సన్నటి ఎముకలు, రెండు ఎలుక పుర్రెలు, పళ్ళతో సహా. ఆ మిల్లులో వేరే గుడ్లగూబ లేదు. మేం పెట్టిన మేత పైన అలాగే ఉంది.

ఆ సాయంత్రం మోవాలో సగం ఆ అమ్మాయికి ఇచ్చాను. తను దాన్ని డబ్బీలో పెట్టుకుంది. మిగతా సగం కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి, అమ్మ చేతి దగ్గర విప్పాను.

"ఏటిరా ఇది?"

"లచ్మి తిని కక్కింది. ఎలకలు."

అమ్మ కాగితాన్ని కళ్ళకు దగ్గరగా తీసుకుంది.

"ఎవులు పెట్టినారు?"

"ఎవరూ పెట్టలేదు. అదే పట్టుకుంది."

అమ్మ ఇంకాసేపు చూసి, కాగితం మడిచి నా చేతికిచ్చింది.

"సరే, అది అవతల పారేసి సేతులు కడుక్కో. అన్నం పెడతాను."